పెంటావాలెంట్ వేయించాక పీసీవీ కూడా కావాలా?

కావాలి. పెంటావాలెంట్ అంటే ఐదు జబ్బుల నుంచి కాపాడే టీకా, పీసీవీ అంటే న్యుమోకాకల్ టీకా; పసిపిల్లలకు ఒకటి పడిందని రెండోది మానేయకూడదు. న్యుమోనియా ఒకే క్రిమి వల్ల రాదు: పెంటావాలెంట్‌లోని హిబ్ భాగం హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనే బ్యాక్టీరియాను అడ్డుకుంటే, పీసీవీ న్యుమోకాకస్ అనే మరో బ్యాక్టీరియాలో ఎక్కువగా జబ్బు చేసే రకాల నుంచి కాపాడుతుంది. అందుకే ఆరో వారంలో పాపను తీసుకెళ్తే ఏఎన్‌ఎం ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు పీసీవీ వేస్తారు. పీసీవీ మళ్లీ 14వ వారంలో, ఆ తర్వాత బిడ్డకు 9 నెలలు నిండాక బూస్టర్, ప్రభుత్వ కేంద్రాల్లో అన్నీ ఉచితమే. ఆ బూస్టర్ మాత్రం దయచేసి మర్చిపోవద్దు. టీకాలన్నీ పడ్డాయి, ఇక న్యుమోనియా రానే రాదనుకోవడం పొరపాటు. వైరస్‌ల వల్ల కూడా వస్తుంది, కాబట్టి దగ్గుతో పాటు బిడ్డ ఊపిరి వేగంగా తీస్తున్నా, తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.