ట్రాక్టర్ లిఫ్ట్ బరువు లేపట్లేదా? పంపు మార్చే ముందు పక్క ప్లేటు విప్పి చూడండి

ప్రశ్న: మా దగ్గర పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ఉంది. పొద్దున స్టార్ట్ చేయగానే తొమ్మిది పళ్ల కల్టివేటర్‌ను బాగానే లేపుతుంది. గంటసేపు దున్నేసరికి లిఫ్ట్ మెల్లగా లేస్తుంది, తర్వాత సగంలోనే ఆగిపోతుంది. బండి చల్లారితే మళ్లీ మామూలే. పంపు పోయింది, కొత్తది వేయాలి అని మేస్త్రీ అంటున్నాడు. పంపే అంటారా?
– ఒక రైతు, సిరొంచా తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: పంపు కావచ్చు, కాకపోనూవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: లోపల ఎక్కడో నూనె లీకవుతోంది. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన సందుల్లోంచి తక్కువ జారుతుంది, పంపు తోసినదాంట్లో ఎక్కువ భాగం సిలిండర్‌కు చేరుతుంది. వేడెక్కి పలచబడ్డాక అవే సందుల్లోంచి తప్పించుకుంటుంది. పొద్దున బద్ధకంగా లేచి, వేడెక్కాక బాగుపడే బండి అయితే కథ వేరు. అక్కడ అనుమానించాల్సింది పంపు నూనె పీల్చే జాలీ (వడపోత) మూసుకుపోవడాన్ని, లేదా మరీ చిక్కటి నూనె పోయడాన్ని.

ఈ బండిలో పంపు బయటికి కనబడదు. గేర్‌బాక్స్ వెనక హౌసింగ్ అడుగున, నూనెలో మునిగి ఉంటుంది. దానికి నాలుగు పిస్టన్లు. తిప్పేది పీటీఓకు (వెనక పనిముట్లను తిప్పే ఇరుసుకు) వెళ్లే షాఫ్టు. సింగిల్ క్లచ్ బండి అయితే క్లచ్ తొక్కగానే పంపు ఆగుతుంది, లిఫ్టూ ఆగుతుంది. చేను చివర మలుపులో క్లచ్ మీద కాలుంచి లివర్ లాగి, లేవట్లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు అది కాదని తేల్చుకోండి.

చాలా ట్రాక్టర్లలో కంట్రోల్ వాల్వు పంపు తోసిన నూనెకు దారి చూపిస్తుంది. ఫెర్గూసన్ పద్ధతిలో అది పంపు నూనె పీల్చుకునే వైపే ఉంటుంది. లివర్ పైకి లాగితే వాల్వు తెరుచుకుని పంపుకు నూనె అందుతుంది. అందుకే లిఫ్ట్ బలహీనపడటానికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు: పంపుకు నూనె సరిగ్గా అందకపోవడం, అందిన నూనెను పంపు తోయలేకపోవడం, తోసిన నూనె దారిలో కారిపోవడం. మీ బండి లక్షణం చివరి రెండింటినీ చూపిస్తోంది.

మొదట నూనె చూడండి. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, కల్టివేటర్ దించి, డిప్‌స్టిక్ తీయండి. గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఒకటే నూనె, మొత్తం సుమారు 30 లీటర్లు పడుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన ట్రాన్స్‌మిషన్-హైడ్రాలిక్ నూనె పోయండి. వేడికి పలచబడుతోందని గేర్ ఆయిల్ 90 కలపడం మన వైపు అలవాటు. దాంతో నాలుగు రోజులు లిఫ్ట్ బాగున్నట్టు కనిపిస్తుంది. చలికాలం పొద్దున ఆ చిక్కటి నూనెను జాలీలోంచి పీల్చలేక పంపు గరగరలాడుతుంది. లీకు మాత్రం అక్కడే ఉంటుంది.

నూనె సరిగ్గా ఉంటే, పంపుకు డబ్బు పెట్టే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. బండి బాగా వేడెక్కి, తప్పు బయటపడుతున్నప్పుడే చేయాలి. కల్టివేటర్‌ను నేలకు దించి ఇంజిన్ ఆపండి. డ్రెయిన్ బోల్టు వదులు చేసి, హౌసింగ్ పక్క ప్లేటు రంధ్రం కింది అంచు కన్నా కొంచెం దిగువకు వచ్చేదాకా నూనెను శుభ్రమైన డబ్బాలోకి తీయండి. పంపు అడుగున ఉంటుంది కాబట్టి మిగిలిన నూనెలో మునిగే ఉంటుంది. ఇప్పుడు ప్లేటు విప్పండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్రేకు లాక్ చేసి, ఇంజిన్‌ను నిదానంగా నడపండి. ఒకరు లివర్ లాగితే ఇంకొకరు అడుగు దూరం నుంచి టార్చితో లోపలికి చూడాలి. లోపల షాఫ్టు తిరుగుతుంటుంది. చెయ్యి పెట్టకూడదు. కండువా, లుంగీ కొసలు దగ్గరికి రాకూడదు. హైడ్రాలిక్ నూనె సన్నటి ధారగా కొడితే చర్మంలోకి దిగిపోతుంది. ఎక్కడ కొడుతోందో చూడాలంటే అట్టముక్కను కర్రకు కట్టి పెట్టండి.

నూనె పైనుంచి, సిలిండర్ వెనక నోట్లోంచి ధారగా పడుతోందా? అయితే పిస్టన్ రింగులు, లేదా మీ మోడల్‌ను బట్టి పిస్టన్ ఓరింగు పోయినట్టు. పంపు నుంచి పైకి వెళ్లే నిలువు పైపు మొదట్లోనో చివర్లోనో చిమ్ముతుంటే దాని ఓరింగులు పోయినట్టు. ఈ రెండూ తక్కువ ఖర్చు పనులు. పైన ఎక్కడా చుక్క పడకుండా, అడుగున పంపు దగ్గర మాత్రమే నూనె కుతకుతలాడుతుంటే రిలీఫ్ వాల్వునో (ఒత్తిడి హద్దు దాటితే నూనెను వదిలేసేది) పంపు వాల్వులనో అనుమానించాలి. ఎక్కడా ఏ కదలికా లేదు, లిఫ్టూ లేవట్లేదు అంటే పంపుకు నూనె అందట్లేదన్న మాట. అప్పుడు ఇంజిన్ ఆపి, కంట్రోల్ వాల్వు మీటను పొడవాటి స్క్రూడ్రైవర్‌తో ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. బిగుసుకుని ఉంటే తప్పు అక్కడే. వాల్వు సులువుగా కదిలి, పై లివర్ లాగినప్పుడు మాత్రం కదలకపోతే తప్పు పై లింకేజీలో ఉంది.

సిలిండర్ పని పడితే లిఫ్ట్ కవర్ మొత్తం పైకి లేపాలి. అది ఇద్దరు చేత్తో ఎత్తే బరువు కాదు, చైన్ పుల్లీ కట్టండి. సిలిండర్ కవర్ కిందే బిగించి ఉంటుంది. పిస్టన్ తీశాక సిలిండర్ లోపల గోరుతో తడిమి చూడండి. గీతకు గోరు తట్టుకుంటే కొత్త రింగులు వేసినా నిలవవు, హోనింగ్ (లోపలి గోడను నున్నగా రుద్దించడం) చేయించాలి, లేదా సిలిండర్ మార్చాలి. ఓరింగు పక్కన బ్యాకప్ రింగు ఉన్న రకమైతే, నూనె ఒత్తిడి వచ్చే వైపు ఓరింగు, దాని వెనక బ్యాకప్ రింగు ఉండాలి. అటుదిటు వేస్తే ఓరింగు సందులోకి నలిగి కొద్ది రోజుల్లోనే తెగుతుంది.

తప్పు పంపుదే అని తేలినా, మొత్తం పంపు మార్చాలనేం లేదు. పీటీఓ షాఫ్టు వెనక్కి లాగి, నిలువు పైపు తీసి, లిఫ్ట్ కవర్ లేపి, హౌసింగ్ రెండు పక్కలా పంపును పట్టుకున్న పిన్నులు తీస్తే పంపు పైకి వస్తుంది. విరిగిన వాల్వు స్ప్రింగు, వాల్వు కూర్చునే చోట గుంటలు, మూసుకుపోయిన జాలీ కనిపించడం మామూలే. పిస్టన్ల మీద లోతైన గీతలు లేకపోతే వాల్వులు, స్ప్రింగులు, ఓరింగుల కిట్టుతో పని అయిపోతుంది. కంట్రోల్ వాల్వుకు మాత్రం ఎమరీ కాగితం తగలనివ్వకండి. దాని బిగువే దాని ప్రాణం.

ప్రశ్న: లిఫ్ట్ పైకి లేపి ఉంచితే కొద్దిగా దిగడం, మళ్లీ లేవడం, ఇలా తల ఊపినట్టు చేస్తోంది. ఇంజిన్ ఆపితే నాగలి చూస్తుండగానే నేల మీదకి దిగిపోతుంది. రిలీఫ్ స్ప్రింగు కింద వాషర్ వేస్తే సరిపోతుందని చెప్పారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: వేయించకండి. లిఫ్ట్ ఊగడానికి కారణం ఒత్తిడి తక్కువ కావడం కాదు. సిలిండర్‌లో నిలవాల్సిన నూనె కారిపోతోంది. లిఫ్ట్ చేతులు ఒక అంగుళం దిగగానే లింకేజీ వాల్వును మళ్లీ తెరుస్తుంది, పంపు మళ్లీ లేపుతుంది, మళ్లీ కారుతుంది. వాషర్ వేస్తే ఒత్తిడి హద్దు పెరిగి సిలిండర్ గానీ పంపు బాడీ గానీ పగిలే ప్రమాదం ఉంది. లీకు ఉన్న సందులోంచి నూనె ఇంకా జోరుగా పోతుంది. ఇదివరకే ఎవరైనా వాషర్లు వేసి ఉంటే తీయించి, గేజి పెట్టి కంపెనీ చెప్పిన ఒత్తిడికి సరిచేయించండి.

మీ విషయంలో లీకు వెతకడం ఇంకా తేలిక, ఇంజిన్ ఆపి చూడొచ్చు. పై జవాబులో చెప్పినట్టు నూనె తగ్గించి పక్క ప్లేటు విప్పండి. నాగలి లేపి, దాని ఫ్రేము కింద రెండంగుళాల ఖాళీతో గట్టి స్టాండ్లు పెట్టి ఇంజిన్ ఆపండి. బరువు సిలిండర్ మీదే ఉంటుంది, జారినా స్టాండ్ మీద ఆగుతుంది. సిలిండర్ నోట్లోంచి కారితే రింగులు. పైపు వెంట కారితే దాని ఓరింగులు. పైన పొడిగా ఉండి, బరువు దిగుతూనే ఉంటే నూనె పంపులోంచి వెనక్కి వస్తోంది: బయటికి తోసే వాల్వులు, రిలీఫ్ వాల్వు, కంట్రోల్ వాల్వు మూడూ చూడాలి.

రాత్రంతా పైకి లేపి ఉంచితే ఈ పాత బండ్లన్నీ కొంత దిగుతాయి, అది రోగం కాదు. నిమిషంలోపు నేలను తాకితే మాత్రం రోగమే. బాగయ్యేదాకా రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు లింకులకు గొలుసు కట్టండి. లేచి ఉన్న పనిముట్టు కిందికి ఎవరూ దూరకూడదు.

ప్రశ్న: వరి మడిలో కేజ్ వీల్స్‌తో దమ్ము చేశాక డిప్‌స్టిక్ మీద నూనె మజ్జిగలా కనిపిస్తోంది. లిఫ్ట్ కూడా పట్టిపట్టి లేస్తోంది.
– ఒక రైతు, అహేరి తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: నూనెలో నీళ్లు కలిశాయి. అలాగే వాడితే కంట్రోల్ వాల్వుకు తుప్పు పట్టి బిగుసుకుంటుంది, మీకు ఇప్పటికే అది మొదలై ఉండొచ్చు. బండిని రాత్రంతా నిలిపి, పొద్దున స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ బోల్టు వదులు చేయండి. అడుగున చేరిన నీళ్లు ముందు వస్తాయి. ఆ తర్వాతా తెల్లగానే వస్తే మొత్తం తీసేయాల్సిందే. లోపల డీజిల్ పోసి పంపు నడపకండి. డీజిల్‌కు జిగురు చాలదు, పిస్టన్లు గీసుకుపోతాయి. జాలీ కడిగి కొత్త నూనె పోసి, రెండు గంటలు పని చేయించి మళ్లీ చూడండి. ఇంకా మసకగా ఉంటే మరోసారి మార్చక తప్పదు.

నీళ్లు వచ్చిన దారి మూయకపోతే ఈ ఖర్చంతా వృథా. గేరు లివర్ రబ్బరు బూటు చిరిగిందేమో, పీటీఓ షాఫ్టు సీలు, ఇరుసుల సీళ్లు, నూనె పోసే మూత చూడండి. మడి నీళ్లు పీటీఓ షాఫ్టు ఎత్తుకు వచ్చే చోట అరిగిన సీలు ఆగదు. షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గాడి పడి ఉంటే, కొత్త సీలును పాత గీత మీద కాకుండా కొంచెం ముందుకో వెనక్కో కూర్చోబెట్టమని మేస్త్రీకి చెప్పండి.