నెమ్ముకి ఆరు నెలలు గోలీలెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది నిజామాబాద్ జిల్లా, మా అమ్మ చిన్నప్పటి సంది బీడీలు చేస్తది. దగ్గు తగ్గకపోతే దవాఖానల తెమడ పరీక్ష చేసి టీబీ అన్నరు, కానీ భయపడతదని అమ్మకు నెమ్ము అనే చెప్పినం. రెండు నెలలు గోలీలు మంచిగ వేసుకుంది, దగ్గు పోయింది, బరువు కూడ పెరిగింది. మూత్రం ఎర్రగ వస్తుందని, గోలీలు వేడి చేస్తున్నయని వారం పైన అయింది ఆపేసి. తంబాకు దుమ్ముతోటి వచ్చింది, పని బంద్ చేసిన కదా పోయింది అంటది. కంచం, గ్లాసు తనే వేరే పెట్టుకుంది, నా మూడేళ్ల కొడుకును దగ్గరికి రానియ్యదు, పథ్యమని గుడ్డు ముట్టదు. ఎట్ల చెప్పాలె?

జవాబు: ముందు అమ్మని గోలీలు ఇచ్చిన దవాఖానకే తీసుకెళ్ళమ్మా, ఎన్ని రోజులు ఆపిందో దాచకుండా చెప్పు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో వాళ్ళు చూస్తారు.

ఇక అసలు సంగతి. అమ్మకి టీబీ అని చెప్పండి. నెమ్ము అనుకునే మనిషి దగ్గు పోయాక కూడా ఇంకో నాలుగు నెలలు గోలీలు ఎందుకు మింగాలి చెప్పు? ఆమె లెక్కలో ఆమె కరెక్టే, దుమ్ము వల్ల వచ్చింది, దుమ్ము ఆపింది, తగ్గింది. నిజానికి ఆమెకి అనుమానం ఎప్పుడో వచ్చినట్టుంది, లేకపోతే కంచం ఎందుకు వేరు పెట్టుకుంటుంది, మనవణ్ణి ఎందుకు దూరం పెడుతుంది? ఆ భయాన్ని ఒక్కతే మోస్తోంది పాపం. కోప్పడకుండా పక్కన కూర్చుని "నీకేమైందనుకుంటున్నవ్ అమ్మా" అని అడుగు, మధ్యలో అడ్డుపడకుండా మొత్తం విను, ఆ తర్వాతే నీ మాట చెప్పు.

మూత్రం ఎరుపు వేడి వల్ల కాదు, ఆ గోలీల్లో రిఫాంపిసిన్ అనే మందు ఉంటుంది, దాని రంగే అది, చెమట, కన్నీళ్ళు కూడా ఒక్కోసారి ఆ రంగులో వస్తాయి. మొదటి రోజే ఈ ఒక్క మాట చెప్పి ఉంటే గోలీలు ఆపేదే కాదేమో, ఇది చెప్పకుండా మందులు చేతిలో పెట్టి పంపడం నాకైతే చాలా బాధనిపిస్తుంది. చలవకి బార్లీ, సబ్జా తాగితే తాగనీ, గోలీ మాత్రం మానొద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

టీబీ ఒక క్రిమి వల్ల వస్తుందని జర్మనీ డాక్టర్ రాబర్ట్ కాక్ 1882లోనే చూపించాడు. జబ్బున్న మనిషి దగ్గితే గాలిలో వస్తుంది. తంబాకు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆ పని మానడం మంచిదే, కానీ పని మానితే లోపలి క్రిమి చావదు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులతో చాలావరకు చస్తాయి, అందుకే దగ్గు పోతుంది, ఒంట్లో బాగుంటుంది, మొండివి మాత్రం లోపల మిగిలే ఉంటాయి, తర్వాత నాలుగు నెలల మందు వాటి కోసమే. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మామూలు మందులకి లొంగకుండా కూడా తయారవ్వచ్చు.

కంచం, గ్లాసు వేరు చెయ్యక్కర్లేదు, వాటితో అంటుకోదు. ఒకప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియంలలో, అంటే టీబీ ఆసుపత్రుల్లో, పేషెంట్లని నెలల తరబడి ఉంచేవాళ్ళు, మన పెద్దవాళ్ళ మనసులో ఈ వేరు పెట్టడం ఇంకా ఉంది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో కొందరు పేషెంట్లని ఇరుకు ఇళ్ళలోనే ఉంచి, కొందరిని శానటోరియంలో ఉంచి మందులిచ్చారు, ఇంట్లో ఉన్నవాళ్ళకీ బాగానే తగ్గింది, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి జబ్బు ఎక్కువగా ఏమీ రాలేదు. కాకపోతే ఇప్పుడు మందు ఆగింది కాబట్టి డాక్టర్ సరే అనేదాకా మాస్కు పెట్టుకోమను, కిటికీలు తెరిచి ఉంచు. బాబుని తప్పకుండా పరీక్ష చేయించు, జబ్బు లేకపోతే రాకుండా మందు ఇస్తారు.

పథ్యం అసలు వద్దు. గుడ్డు, పప్పు, చేప బాగా తినాలి. నిక్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద టీబీ పేషెంట్లకి తిండి ఖర్చుకి నెలకి 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, అమ్మ బ్యాంకు అకౌంట్‌లో పడుతున్నాయో లేదో చూడు, లేకపోతే టీబీ సూపర్‌వైజర్‌ని అడుగు.

ప్రశ్న: నాకు టీబీ కోర్సు పూర్తయింది, తగ్గిందన్నారు. పెళ్ళి సంబంధం చూస్తున్నారు, చేసుకోవచ్చా? వాళ్ళకి చెప్పాలా? - గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిరభ్యంతరంగా చేసుకో బాబూ. చెప్పమనే నేనంటాను, చివరి తెమడ రిపోర్టు చూపించి "వచ్చింది, పూర్తిగా వాడాను, తగ్గింది" అని మామూలుగా చెప్పు. కోర్సు అయ్యాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి చెకప్ ఉంటుంది, పెళ్ళి హడావిడిలో అది మాత్రం మర్చిపోకు.