ఆయన పూర్తిగా ఇంటికొచ్చేస్తానంటే భయంగా ఉంది

"మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మావారు ఆర్మీలో లెఫ్టినెంట్ కర్నల్. సర్వీసు 21 ఏళ్ళు. కర్నల్ ప్రమోషన్‌కి మూడు అవకాశాలూ అయిపోయాయి, రాలేదు. రిటైర్‌మెంట్ పేపర్లు వేసి వచ్చేస్తానంటున్నారు. పాప చదువు కోసం, అత్తమ్మ కోసం నేను ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటూ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆయన సెలవుకి వచ్చిన నాలుగో రోజుకే ఇంట్లో అందరికీ టెన్షన్. బీటెక్ చదివే పాప మొన్న ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని స్కూటీ తాళం తీసుకుని తన నల్ల ట్రంకుపెట్టెలో పెట్టేశారు. ఆయన రావడం నాకే ఇష్టం లేదేమో అనిపించి సిగ్గుగా ఉంది."

సిగ్గెందుకమ్మా. మా నాన్నా ఫౌజీయే, హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన వస్తున్నారంటే అమ్మ కొత్త చీర కట్టుకుని చిత్తూరు స్టేషన్‌కి వెళ్ళేది. పదిహేను రోజులు దాటాక అదే అమ్మ క్యాలెండర్ వైపు చూసేది. ప్రేమ లేక కాదు. గ్యాసు అయిపోయినా, మోటారు కాలినా ఒక్కతే చూసుకున్న మనిషికి, "అది అలా కాదు" అనే గొంతు రోజూ వినబడితే ఊపిరాడదు.

ఇక ఆయన సంగతి. రెండేళ్ళకి కెప్టెన్, ఆరేళ్ళకి మేజర్, పదమూడేళ్ళకి లెఫ్టినెంట్ కర్నల్. అంతవరకూ సర్వీసును బట్టి వస్తాయి. కర్నల్ కావాలంటే సెలక్షన్ బోర్డు దాటాలి. ఖాళీలు తక్కువ, వరసలో ఉన్నవాళ్ళు ఎక్కువ, అందుకే మంచి ఆఫీసర్లు కూడా అక్కడ ఆగిపోతారు. ఇది ఆయనకి మనకన్నా బాగా తెలుసు. తెలిసినా, నిన్నటి జూనియరే సీవోగా, అంటే యూనిట్‌కి కమాండింగ్ ఆఫీసర్‌గా వస్తే సెల్యూట్ కొట్టే చెయ్యి బరువెక్కదూ? ఇక్కడేమో "కర్నల్ అయ్యారా బావా?" అని ఒకరు, "క్యాంటీన్ బాటిల్ తెచ్చారా?" అని ఇంకొకరు. అక్కడ చెల్లని మాట స్కూటీ తాళం దగ్గర చెల్లించుకున్నారని నా అనుమానం. అలాగని తాళం లాక్కోవడం ఒప్పని అనను.

తొందరపడాల్సిన పనైతే లేదు. ఇరవై ఏళ్ళు దాటాయి కాబట్టి ఆయన ఎప్పుడు బయటికొచ్చినా పెన్షన్ వస్తుంది. ఉండిపోతే 54 ఏళ్ళ వయసు దాకా ఉద్యోగం ఉంటుంది, 26 ఏళ్ళ సర్వీసుకి టైమ్ స్కేల్ కర్నల్, అంటే సర్వీసును బట్టి వచ్చే కర్నల్ హోదా, అందుకునే దారీ ఉంది. రిటైరయ్యే ఆఫీసర్ల కోసం ఐఐఎంలలో ఆరు నెలల కోర్సులున్నాయి, వాటి సంగతి పేపర్లు వేయకముందే కనుక్కోమనండి. పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసి, అంటే నెలనెలా వచ్చేదాంట్లో అంత తగ్గించుకుని, డబ్బు ఒకేసారి తీసుకోవచ్చు. ఆ డబ్బు వాసన తగిలితే చాలు, రేణిగుంట రోడ్డులో ప్లాటు చూపించే బావమరిది ప్రతి ఇంట్లో తయారవుతాడు. కమ్యూట్ చేసిన భాగం మళ్ళీ పెన్షన్‌లో కలవడానికి పదిహేనేళ్ళు పడుతుంది, గుర్తుంచుకోండి.

నేనైతే మిమ్మల్ని ఒక్కటే చేయమంటాను. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు ఉంటుంది కదా, ఈసారి ముక్కలు చేయకుండా దొరికినంతా ఒకేసారి పెట్టమనండి. పది రోజులు చుట్టం మర్యాదలో గడిచిపోతాయి. ఆ తర్వాతే అసలు కాపురం బయటపడుతుంది. ఆ రోజుల్లో అత్తమ్మ మందులు, డాక్టరు దగ్గరికి తిప్పడం పూర్తిగా ఆయనకే వదిలేయండి. మాత్రల డబ్బా ఆయన పద్ధతిలో సర్దుకుంటే, మీరు వెనకాలే వెళ్ళి మళ్ళీ సర్దకండి. ఏడేళ్ళుగా ఆ ఇంటికి మీరే సీవో. కోప్పడకండి, ఆ బుద్ధి మీకూ కొంచెం వచ్చే ఉంటుంది.

భయం సంగతి ఆయనకి చెప్పాలి. ఫోన్లో కాదు, అత్తమ్మ ముందు అసలే కాదు. ఇద్దరూ ఒక తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కండి. గాలిగోపురం దాకా ఆ ఆయాసంలో ఎవరూ లెక్చర్ ఇవ్వలేరు, మీరైనా ఆయనైనా. "మీరు రావాలనే ఉంది, కానీ మీరొస్తే నా చోటు ఏమవుతుందోనని భయంగా ఉంది" అని ఈ రెండు మాటలూ కలిపే చెప్పండి. మొదటిది మింగేసి రెండోది ఒక్కటే అంటే, బోర్డులో నాలుగోసారి కూడా తప్పినట్టు వినిపిస్తుంది ఆయనకి.

స్కూటీ తాళం గురించి మాత్రం మీరు మధ్యలోకి వెళ్ళకండి. అమ్మాయికి పద్దెనిమిది దాటాయి, వాళ్ళ నాన్నని తనే అడగనివ్వండి.