సీ షిఫ్టు దిగాక పుస్తకం ముట్టకు

ఒరేయ్ అల్లుడూ,

మొన్న అర్ధరాత్రి ఒంటిగంటకి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున్న టీ తాగుతూ విన్నాను. వెనకాల మీ పేపరు మిల్లు మోత, మధ్యలో రెండు ఆవలింతలు, చివర్లో "ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళి గేట్ కోచింగ్ తీసుకోనా మామయ్యా" అని అడగడం. ఎంటెక్ సీటు కోసం రాసే ఆ పరీక్షకి ఉద్యోగం మానకు. ఇంటి లోను సంగతి మీ అమ్మ చెప్తుందిలే, నేను చెప్పేది వేరే. జీతం రాని ఇంట్లో కూర్చుని చదివేవాడికి ప్రతి మాక్ టెస్టూ ఒక తీర్పులా అనిపిస్తుంది, నాతోపాటు మానేసినవాడొకడు డిసెంబరు వచ్చేసరికి పుస్తకం చూస్తేనే చేతులు వణికే స్థితికి వచ్చాడు. నీకు ఆ టెన్షన్ లేదు, నెలాఖరుకి డబ్బులు పడతాయి. నీకు లేనిది నిద్ర, దాని గురించి మాట్లాడుకుందాం.

నువ్వు పంపిన టైంటేబుల్ చూశాను. రోజూ ఆరు గంటలు అని రాశావు. పొద్దున ఆరు నుంచి రెండు ('ఏ' షిఫ్టు) ఒక వారం, రెండు నుంచి పది ('బీ') ఒక వారం, రాత్రి పది నుంచి పొద్దున ఆరు ('సీ') ఇంకో వారం చేసేవాడికి "రోజూ" అనేది ఉండదురా. నీ క్యాలెండరు షిఫ్టులది. బీ షిఫ్టు వారం నీకు బంగారం, ఎందుకంటే రాత్రి పడుకుని లేచి, తాజా బుర్రతో ఏడింటి నుంచి పదకొండు దాకా కూర్చోవచ్చు, డ్యూటీ ఆ తర్వాతే. కొత్త సబ్జెక్టు ఏదైనా ఆ వారంలోనే మొదలుపెట్టు. 'ఏ' షిఫ్టు వారంలో ఇంటికొచ్చి ఒక గంట కునుకు తీసి సాయంత్రం రెండు మూడు గంటలు, అంతకంటే ఆశపడకు. సీ షిఫ్టు వారంలో కొత్తది ఏదీ వద్దు, ఆరింటికి దిగి నాలుగు పేజీలు చదివి పడుకుందాం అని అస్సలు వద్దు. నేను అలా చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్ నోట్సు ఇప్పటికీ అటక మీద ఉంది, కొన్ని పేజీల్లో అక్షరాలు కిందికి జారిపోయి ఉంటాయి, పెన్ను పట్టుకునే నిద్రపోయాను కదా. ఆ వారం మధ్యాహ్నం దాకా పడుకో, సాయంత్రం గంటన్నర పాత ప్రశ్నలు చెయ్యి, చాలు.

రథయాత్ర అయిపోయింది, ఫిబ్రవరిలో పరీక్షకి ఏడు నెలలు, అంటే ముప్ఫై వారాలు, అందులో నీకు దక్కే బీ షిఫ్టు వారాలు పది. ఒక్కోదానికి ఒక పెద్ద సబ్జెక్టు పెట్టుకో. గోడ మీద అతికించాల్సింది ఈ పది పేర్లే, ఆ రంగుల టైంటేబుల్ కాదు.

ఇక నీ గోడు, "కోచింగ్‌లో వాళ్ళు రోజంతా చదువుతారు, నేను మిల్లులో మగ్గుతున్నాను" అన్నావే, అది నాకు నచ్చలేదు. నువ్వు రాసేది కెమికల్ ఇంజినీరింగ్ పేపర్రా బాబూ. బ్లాక్ లిక్కర్ని (కర్ర ఉడికించాక మిగిలే నల్లటి ద్రవాన్ని) చిక్కబరిచే ఎవాపరేటర్లు నీ కళ్ళ ముందు వరసగా ఉన్నాయి, ఒకదాని ఆవిరి పక్కదానికి వేడి. ఒక్కో మెట్టు దాటేకొద్దీ ప్రెషర్ ఎందుకు తగ్గించాలో గేజు చూస్తూ ఆలోచించు. ప్రెషర్ తగ్గితేనే లిక్కర్ తక్కువ వేడికి మరుగుతుంది, అలా మరిగితేనే ముందుదాని ఆవిరి దాన్ని మరిగించగలదు. హైదరాబాద్ కుర్రాడు ఇది బొమ్మలో చూస్తాడు. ఒక లెక్క వేసుకో: వంద టన్నుల లిక్కర్ 15 శాతం ఘనపదార్థంతో వచ్చి 60 శాతంతో బయటికి పోతే, లోపలికి వచ్చిన 15 టన్నుల ఘనం ఎక్కడికీ పోదు కాబట్టి బయటికి పోయే లిక్కర్ 25 టన్నులు, ఆవిరైన నీరు 75. ఇలాంటివి డ్యూటీ మధ్యలో టీ తాగే టైంలో మనసులో వేసుకోవచ్చు. పల్ప్ అండ్ పేపర్ ఎలాగూ సిలబస్‌లో ఉంది, అది నువ్వు మళ్ళీ చదవాలా? (అన్నట్టు, మిల్లు రీడింగులు రాసే లాగ్‌షీట్ ఫోటోలు తీసి ఇంటికి తెచ్చుకోకు, సెక్యూరిటీ వాళ్ళతో లేనిపోని గొడవ. అంకెలు నువ్వే ఊహించుకో.)

వంద మార్కుల్లో ఆప్టిట్యూడ్‌కి 15, మ్యాథ్స్‌కి దాదాపు 13. ఈ రెండూ అలసిపోయిన బుర్రతో కూడా చేయగలిగినవి, కాబట్టి వాటిని 'ఏ' షిఫ్టు సాయంత్రాలకి వదిలెయ్. ఒడియా మీడియంలో చదివాను, ఇంగ్లీషు రాదు అని భయపడకు, నేనూ పర్లాకిమిడిలో ఒడియా బడిలోనే చదివాను, రోజూ ఒక పేజీ ఇంగ్లీషు పేపరు బయటికి చదివితే సరిపోయింది.

క్యాలిక్యులేటర్ విషయం మాత్రం ఇప్పుడే సరిచేసుకో. పరీక్షలో నీ క్యాసియో లోపలికి రానివ్వరు, స్క్రీన్ మీద ఉన్న దాన్ని మౌస్‌తో నొక్కాలి. మిల్లులో వేళ్ళు వాటంతటవే కీల మీదికి పోయే అలవాటు నీది, అక్కడ అదే నిన్ను నెమ్మది చేస్తుంది. ఇంట్లో కూడా మౌస్‌తోనే చెయ్యి, విసుగొచ్చినా సరే.

నా మొదటి సారి ఏమైందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. అప్పుడు నేను వేరే ఊళ్ళో పనిచేసేవాణ్ణి, ఏ ఫ్యాక్టరీ అన్నది ఇప్పుడు అనవసరం. షిఫ్టు ఇన్‌చార్జి "లీవు సంగతి నేను చూసుకుంటాలేవయ్యా" అన్నాడు, నేను నమ్మాను, రోస్టర్‌లో మాత్రం పరీక్ష ముందు రాత్రి నా పేరు సీ షిఫ్టులో ఉంది. దిగి, పంపు దగ్గర మొహం కడుక్కుని, అవే బూట్లతో పరీక్షకి వెళ్ళాను. కళ్ళు మంటలు. సగం ప్రశ్నలు చదవకుండానే ఏదో ఒకటి దిద్దేశాను, మైనస్ మార్కులు నన్ను ముంచేశాయి. ఒకే జవాబు దిద్దే ప్రశ్నల్లో ఒక మార్కుది తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు పోతాయి. అంకె టైపు చేసే ప్రశ్నలకి మైనస్ లేదు, అనుమానమున్నా అక్కడ ఏదో ఒకటి రాసి రా. ఆప్షన్లలో ఒక్కటే దిద్దాల్సిన చోట మాత్రం చెయ్యి కట్టేసుకో. లీవు కాగితం మీద పెట్టు, అడ్మిట్ కార్డు చేతికి రాగానే, ముందు రెండు రోజులు కలిపి. సెంటరు విశాఖలో పడితే ముందు రోజే రైలెక్కి అక్కడే పడుకో, పరీక్ష పొద్దున తొమ్మిదిన్నరకి కూడా పడొచ్చు.

ఇంకొకటి, డబ్బు. సీటొస్తే రెండేళ్ళు నెలకి 12,400 స్టైపెండ్ మీద బతకాలి, నీ జీతం ముందు అది ఎంతో నీకే తెలుసు. ఇంట్లో ఆ మాట ఇప్పుడే చెప్పు, సీటొచ్చాక కాదు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, ఈసారి మంచి స్కోరొచ్చి ఇంటి పరిస్థితి కుదరకపోతే వచ్చే ఏడు అదే స్కోరుతో అప్లై చేసుకోవచ్చు. మానేయడం గురించి అప్పుడు ఆలోచించు.

సంక్రాంతికి పర్లాకిమిడి రావద్దు. పరీక్షకి అప్పటికి మూడు వారాలే ఉంటుంది, ఇక్కడికొస్తే మీ పిన్ని కొడుకులు నిన్ను మంచం ఎక్కనివ్వరు, పేకముక్కలతో తెల్లారిపోతుంది. అమ్మకి నేను చెప్తాను, నాలుగు తిడుతుంది, పడతాను. అరిసెలు, జంతికలు డబ్బాలో పెట్టి గుణుపురం మీదుగా వచ్చే బస్సులో డ్రైవరు చేతికిస్తాను, నువ్వు ఆ రోజు ఏ షిఫ్టులో ఉంటావో చూసి చెప్పు, రాయగడ స్టాండుకి నువ్వే వచ్చి తీసుకోవాలి.

మీ మామయ్య