కార్నెగీ స్టీల్‌లో అంత సంపాదించింది రైల్వే పరిచయాల వల్లేనా?

అమెరికా స్టీల్ వ్యాపారి ఆండ్రూ కార్నెగీకి వ్యాపారం నిజంగా తెలుసా, లేక రైల్వే పెద్దల అండతోనే ఎదిగాడా అని అడిగారు. జీడిమెట్లలో ఒక రీరోలింగ్ మిల్లులో, అంటే ఉక్కు దిమ్మెల్ని కాల్చి రాడ్లుగా సాగదీసే చోట, పదకొండేళ్లు లెక్కలు రాశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: అండ ఉంది, కాదనలేం. కానీ ఆయన్ని నిలబెట్టింది టన్నుకు ఖర్చెంతో రోజూ చూసుకునే అలవాటు. అదీ రైల్వేలోనే అబ్బింది.

1848లో స్కాట్లండ్ నుంచి అమెరికా వెళ్లి, నూలు మిల్లులో వారానికి 1.20 డాలర్లకు పనిచేసిన పిల్లవాడు. టెలిగ్రాఫ్ నేర్చుకుని 1853లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైల్వే కంపెనీలో, అక్కడి అధికారి థామస్ స్కాట్ దగ్గర చేరాడు. స్కాట్ సాయంతోనే షేర్లు కొన్నాడు, స్లీపర్ బోగీల కంపెనీలో వాటా దక్కించుకున్నాడు. తర్వాత ఇనుప వంతెనలు. 1875లో బ్రాడక్‌లో స్టీల్ మిల్లు మొదలైనప్పుడు దానికి ఆ రైల్వే ప్రెసిడెంట్ ఎడ్గార్ థామ్సన్ పేరే పెట్టాడు. పట్టాలు కొనేది రైల్వేలే కదా!

నాకు బాగా నచ్చింది మిల్లు కట్టిన చోటు. పక్కనే నది, రెండు వేర్వేరు రైల్వే లైన్లు. ఒకడు కిరాయి పెంచితే సరుకు ఇంకోడికి ఇవ్వొచ్చు. మాకు లారీలన్నీ ఒకే ట్రాన్స్‌పోర్ట్ నుంచి వచ్చేవి. దసరా ముందు రేటు పెంచితే మారుమాట్లాడకుండా ఇచ్చేవాళ్లం.

ఇక ఖర్చుల లెక్క. మా దగ్గర కాటా చీటీలు మేకుకు గుచ్చి ఉండేవి, నెలాఖరు దాకా ఎవరూ కూడేవాళ్లు కాదు. నేను షిఫ్టువారీగా రాయడం మొదలుపెట్టాక తేలింది: నూరు టన్నుల బిల్లెట్ (ఉక్కు దిమ్మెలు) లోపలికి వెళితే రాత్రి షిఫ్టులో 93 టన్నుల రాడ్డే బయటికొస్తోంది, పగలు 96. రాత్రి రోల్స్ (ఇనుమును నొక్కి సాగదీసే రోలర్లు) మార్చేటప్పుడు మిల్లు ఆగినా కొలిమి మంట తగ్గించేవాళ్లు కాదు. ఇనుము అందులోనే మాడి నల్లటి పొలుసుగా రాలిపోయేది. గుంటలో ఆ పొలుసు మోకాలెత్తు పేరుకుని ఉంటే రోజూ చూస్తూనే దాటి వెళ్లేవాళ్లం.

కార్నెగీ ఇలాంటిది వదల్లేదు. కొలిమి దగ్గర కెమిస్టును పెట్టుకున్నాడు. పక్క మిల్లులు పనికిరాదని పారబోసే చిట్టెం కూడా కొన్నాడు. మార్కెట్ పడిపోయినప్పుడు అందరికన్నా తక్కువకు అమ్మి కూడా లాభం చూశాడంటే కారణం ఇదే. 1901లో కంపెనీని బ్యాంకర్ జె.పి. మోర్గాన్‌కు 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు.

అయితే ఆ లెక్కల్లో కూలీ కూడా బొగ్గులాగే ఒక పద్దు. 1892లో హోమ్‌స్టెడ్ మిల్లులో జీతాల కోత మీద గొడవ ముదిరి కనీసం పదిమంది చనిపోయారు. అప్పుడాయన స్కాట్లండ్‌లో ఉన్నాడు, వ్యవహారమంతా కంపెనీని నడిపే హెన్రీ ఫ్రిక్‌కు వదిలేశాడు. ఎండాకాలం పట్కారు పట్టుకుని కొలిమి ముందు పన్నెండు గంటలు నిలబడేవాళ్లను దగ్గరగా చూసినవాణ్ణి. ఆయన లెక్కలకు దండం పెడతాను గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించలేను.