ఆ 1,800 రియాళ్లను విడదీసి చూడు, తమ్ముడూ

కవిటి దగ్గర ఊరని రాశావు కాబట్టి చనువుగానే రాస్తున్నాను. ఖతార్ వచ్చి పద్నాలుగు నెలలయింది, వెల్డరుగా మూల వేతనం 1,300 రియాళ్లు, గది, మెస్సు కంపెనీవే; ఇంకో కంపెనీ 1,800 ఇస్తానంటోంది, మారవచ్చా అని అడిగావు. మారవచ్చు. పాత యజమాని ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకోవాల్సిన అవసరాన్ని 2020లోనే తీసేశారు. నోటీసు నీకైతే నెల రోజులు, రెండేళ్లు దాటినవాళ్లకు రెండు నెలలు. దరఖాస్తు కార్మిక మంత్రిత్వ శాఖ సైటులోనే పెట్టుకోవాలి. రోజంతా ఫోను చేతిలో ఉండే మీ తరం ఇవి ఎందుకు చూసుకోదో నాకు అర్థం కాదు.

నేను చెప్పేది డబ్బు సంగతి.

2009లో నేను వచ్చినప్పుడు ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టాను. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 2,400 వడ్డీకే పోయేది. పూచీకి మా ఎకరంన్నర జీడితోట కాగితం సాహుకారు దగ్గర పెట్టాం. నా జీతం 900 రియాళ్లు. 2011 మొదట్లో సైటులో టీ తాగుతుంటే పక్క కంపెనీ ఫోర్‌మన్ భుజం మీద చెయ్యివేసి, 1,600 ఇస్తాం, రేపే వచ్చేయమన్నాడు. కాగితం అడగాలని కూడా తోచలేదు. ఆ రాత్రే ఇంటికి ఫోను చేసి జీతం పెరిగిందని చెప్పేశాను, అది ఇంకా పెద్ద తప్పు. మర్నాడు రాజీనామా ఇచ్చాను. కంపెనీ ఎన్ఓసీ ఇవ్వనంది, వీసా రద్దుచేసి టిక్కెట్టు చేతిలో పెట్టింది. అప్పటి నిబంధన ప్రకారం రెండేళ్లు మళ్లీ రాకూడదు. ఆ ఫోర్‌మన్ ఫోను ఎత్తితే ఒట్టు.

సోంపేట స్టేషనులో దిగేసరికి జీడిపిక్కల కాలం. వడ్డీ పేరుకుపోయి ఆ ఏడు పంట సాహుకారు తీసుకున్నాడు. మా తోటలో మా నాన్న కూలికి వెళ్లి పిక్కలు ఏరాడు. జీడి అంటి ఆయన వేళ్లు నల్లబడి తోలు ఊడేది, గట్టు మీద కూర్చున్న సాహుకారు మనిషి బస్తాలు లెక్కపెట్టుకునేవాడు. నేనూ ఏరాను. ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

2014లో మళ్లీ వచ్చి అప్పు తీర్చి కాగితం విడిపించాను. 2018లో తిత్లీ తుఫానుకు సగం చెట్లు పడిపోయాయి. ఏడ్చాం గానీ, మా తోట కోసమే ఏడ్చాం. 2021లో కొత్త చట్టం కింద దర్జాగా కంపెనీ మారాను. ఇప్పుడు నా కింద ముప్పై ఎనిమిది మంది, ఇల్లాలూ పిల్లలూ ఇక్కడే ఉన్నారు.

ఇక నీ లెక్క. ఇక్కడ చట్టం చెప్పే కనీస మూల వేతనం 1,000. కంపెనీ వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300. కూడితే ఎంత? సరిగ్గా 1,800. నీకు పెంచుతున్నది జీతం కాదేమో, గది, మెస్సు నీ నెత్తిన పెట్టి మూల వేతనంలో 300 కోస్తున్నారేమో! ఓవర్‌టైము కట్టేది మూల వేతనం మీదే. ఏడాది దాటాక, పని మానేటప్పుడు ఏడాదికి మూడు వారాల జీతం చొప్పున వచ్చే గ్రాట్యుటీ కూడా దాని మీదే. ఈ మాట ఏ ఫోర్‌మనూ టీ దగ్గర చెప్పడు.

ఇంకొకటి, వాళ్లు నీకు సిక్స్ జీ టెస్టు, అదే పైపును ఏటవాలుగా బిగించి చుట్టూ వెల్డింగు చేయించే పరీక్ష, పెట్టారా? టెస్టు లేకుండా వెల్డరును తీసుకునే కంపెనీ అంటే నాకు అనుమానం.

ఏజెంటుకు లక్షన్నర ఇచ్చానన్నావు. 30,000, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని మన దేశంలోనే నిబంధన ఉంది, నువ్వు ఇచ్చేశావు, సరే. అది ఏ వడ్డీకి తెచ్చావో మాత్రం రాయలేదు. పాత కంపెనీ లెక్క తేలి, కొత్త కంపెనీ మొదటి జీతం పడేలోపు ఒక నెల ఖాళీ వస్తుంది. ఆ నెల వడ్డీ ఎక్కడినుంచి కడతావు? అది చేతిలో పెట్టుకున్నాకే నోటీసు ఇవ్వు. కొత్త ఒప్పందం మీద సంతకాలు పడేదాకా ఇంట్లో ఎవరికీ అంకె చెప్పకు, అమ్మకు కూడా.

ఆఫరు కాగితం ఫోటో తీసి పంపు, మూల వేతనం రాసిన వరుస స్పష్టంగా కనబడాలి. శుక్రవారం నాకు సెలవు, చూస్తాను.