చెస్ ఆటలో కామెంట్ ఎత్తుకు ముందు రాయాలా, తర్వాత రాయాలా?

మీరు రాసిన కామెంట్ వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పక్క ఎత్తు దగ్గర కనిపిస్తోందని, ఎక్కడ రాస్తే సరిగ్గా ఉంటుందని అడిగారు. ఎత్తు తర్వాతే రాయండి. ముందు రాసి ఇబ్బంది పడ్డాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

కర్నూలులో మా మిద్దె మీద ఆదివారాలు కొంతమంది పిల్లలకు చెస్ నేర్పుతాను. ఒకసారి వాళ్ల కోసం చెస్‌బేస్ అనే చెస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ఆటకు వివరణ రాశాను. నల్ల నైట్ సీ6 నుంచి డీ4కి దూకుతుంది. తెల్ల నైట్ ఈ5 బంటు ఊరికే దొరికిందని కొడుతుంది. వెంటనే నల్ల క్వీన్ జీ5కి వచ్చి, ఆ నైట్‌కూ జీ2 బంటుకూ ఒకేసారి గురిపెడుతుంది. తెల్లవైపు ఇంకా ఆశపడి ఎఫ్7 కూడా కొడితే ఏడో ఎత్తులో మేట్.

బంటును కొట్టిన ఎత్తుకు ముందు ‘ఈ ఎత్తుతోనే ఆట పోయింది’ అని రాశాను. చెస్‌బేస్‌లో ఎత్తుకు ముందు, తర్వాత వేర్వేరుగా రాసుకోవచ్చు. ఫైలును పీజీఎన్‌గా, అంటే చెస్ ఆటలు రాసిపెట్టే మామూలు ఫైలు రూపంలో, పంపితే పిల్లలు ఫోన్‌లో ఇంకో యాప్‌లో తెరిచారు. ఆదివారం ఒక పాప అడిగింది: ‘సార్, గెలిచింది నల్లవాళ్లు కదా, వాళ్ల ఎత్తుతో ఆట పోయిందని రాసినారేంది?’ నా మాట నల్ల నైట్ డీ4 ఎత్తుకు అతుక్కుంది! వారమంతా పిల్లలు తప్పుగా చదువుకున్నారే అని చాలా బాధపడ్డాను.

కారణం ఇది. 1993 నాటి పీజీఎన్ ఉత్త టెక్స్ట్ ఫైలు. కామెంట్ ఫ్లవర్ బ్రాకెట్లలో రెండు ఎత్తుల మధ్య కూర్చుంటుంది, అది ఏ ఎత్తుదో చెప్పే గుర్తేమీ ఉండదు. చాలా ప్రోగ్రాములు ముందున్న ఎత్తుకే తగిలిస్తాయి. మొదటి ఎత్తుకు ముందు రాసే పరిచయానికి మాత్రం ఈ గొడవ లేదు. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఆటలకు వివరణ రాసుకునే ‘స్టడీ’లో అయితే ఏ ఎత్తు మీద నొక్కి ఉంటే కామెంట్ దానికే చేరుతుంది, టైప్ చేసేముందు అది చూసుకోండి.

ఇప్పుడు నేను ‘ఈ ఎత్తు’ అని రాయను. ‘నైట్‌తో ఈ5 కొట్టడం తప్పు, డీ4 నైట్‌ను కొట్టాల్సింది’ అని పేరుపెట్టి రాస్తాను. కామెంట్ పక్కకు జరిగినా అర్థం చెడదు. కామెంట్ లోపల ఫ్లవర్ బ్రాకెట్ మాత్రం వాడకండి, మూసే బ్రాకెట్ కనబడగానే ప్రోగ్రాము కామెంట్ అక్కడికే అయిపోయిందనుకుని, మిగతా మాటల్ని ఎత్తులుగా చదవబోతుంది. పంపేముందు ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఏ కామెంట్ ఏ ఎత్తు వెనక ఉందో అక్కడ తేటగా కనిపిస్తుంది.